ఊరి పేరే ఇంటి పేరైన చిత్తూరు నాగయ్య

మన హాస్టల్లో చేరిన వారం రోజులకే అసలు పేర్లు పోయి ఊర్ల పేర్లు వచ్చి పడతాయి. పుంగనూరోడు, కుప్పమోడు, కొత్తకోటోడు. హాజరు పట్టీలో ఏమని రాసి ఉన్నా పిలుపు మాత్రం అదే. ఒక మహానటుడికి కూడా సరిగ్గా ఇలాగే జరిగింది. ఆయన అసలు ఇంటిపేరు ఉప్పలదడియం. ఉప్పలదడియం నాగయ్య అంటే ఈనాడు ఎవరికీ తెలియదు. చిత్తూరు నాగయ్య అంటే మన తాతల కాలం వాళ్ళు చేతులు జోడిస్తారు.

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నప్పుడు పి.జి. చదువుతున్న మేము ఆయన్నే ఎంచుకున్నాము. మన ప్రాంతం వాడని ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. నాగయ్య గారి గురించి పెద్దవాళ్ళను ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. దేవుడి లాంటి మనిషి, సంపాదించిందంతా దానధర్మాలు చేసేశాడు, పాపం బతకడం తెలియలేదు, చివరికి ఏమీ లేకుండా పోయాడు. చదివే కొద్దీ ఈ మాట సగమే నిజమని మాకు అనిపించింది. మిగిలిన సగం రాద్దామని మా ప్రయత్నం.

నాగయ్య గారు 1904 మార్చి 28న, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న రేపల్లెలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం మన వైపు, కుప్పానికి, ఆ తర్వాత చిత్తూరుకు వచ్చింది. పేద బ్రాహ్మణ కుటుంబం. తిరుమల ఆలయం నిర్వాహకులు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో చదువుకున్నారని చెబుతారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఒక్క విషయం దగ్గర మేము కాసేపు ఆగిపోయాము. కులం వేరు, కాలం వేరు. అయినా ఎవరో ఇచ్చిన డబ్బుతో పుస్తకం పట్టుకున్న పిల్లవాడి మనసు ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. తర్వాత ఆయన ఇంటికి వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టి పంపాడంటే దాని వెనుక ఇదీ ఒక కారణమై ఉంటుందని మా ఊహ.

చిత్తూరులో అప్పట్లో రామవిలాస సభ అని పేరున్న నాటక సమాజం ఉండేది. నాగయ్య గారు పదిహేనేళ్ళ వయసుకే నాటకాల్లోకి వచ్చారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కడం అరుదు. ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కట్టాలి. సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం ఆయనకు పేరు తెచ్చింది. గొంతు మంచిది, సంగీతం వచ్చు. తర్వాత గ్రామఫోను రికార్డులకు పాడారు. అయితే పాటతో పొట్ట నిండదు. అందుకని ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా పని చేశారు. ఆ తర్వాత ఆంధ్రపత్రికకు విలేకరి అయ్యారు. గాంధీ గారి పిలుపు విని 1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దిగారు.

గుమాస్తా ఉద్యోగం అంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మన ఇళ్ళలో ఈ రోజుకీ కాదు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు గవర్నమెంటు ఉద్యోగం వదిలి నాటకాలు ఆడతాను, పత్రికకు రాస్తాను అంటే మా అమ్మానాయనలు ఏమంటారో మాకు తెలుసు. నాగయ్య గారి ఇంట్లో ఏమన్నారో ఎక్కడా చదవలేదు కానీ, అనకుండా ఉండి ఉండరు!

ఇంటి సుఖం కూడా ఆయనకు నిలవలేదు. భార్య చనిపోయారు. ఆ దుఃఖంలో తిరువణ్ణామలై వెళ్ళి రమణ మహర్షి ఆశ్రమంలో కొంతకాలం గడిపారు. తర్వాత భక్తుల వేషాల్లో ఆయన ముఖంలో కనిపించే ఆ నెమ్మది అక్కడ నేర్చుకున్నదే అంటారు కొందరు. కావచ్చు. కానీ ఆ వేషాలు రావడానికి ముందు ఆయన వేసినవి వేరే రకం వేషాలు. వాటిని జనం మరచిపోయారు.

మొదటి సినిమా 1938లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన గృహలక్ష్మి. కన్నాంబ గారు నాయిక. నాగయ్య గారిది దేశభక్తుడి వేషం. కల్లు మానండని చెప్పే పాట ఒకటి అందులో ఆయన పాడారు. ఆ పాట ఊరూరా మోగింది. దీని వెనుక కథ తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. 1937లో రాజాజీ గారి ప్రభుత్వం మొట్టమొదట సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడు 1938లో దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు పెంచింది. అంటే ఎక్కడైతే కల్లు అంగళ్ళు మూతపడ్డాయో ఆ జిల్లావాడే తెర మీద కల్లు మానమని పాడుతున్నాడన్న మాట. సాయంత్రం ఇంటికి కూలి డబ్బు వస్తుందా, రాదా అని వాకిట్లో నిలబడి ఎదురుచూసిన ఆడవాళ్ళు ఆ పాటను వినోదం కోసం విని ఉండరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళ గురించి మన పాఠాల్లో చదివాము. వాళ్ళకంటే యాభై ఏళ్ళ ముందు మాట ఇది.

తరువాతి ఏడు వందేమాతరం వచ్చింది. దీన్ని తీసింది బి.ఎన్. రెడ్డి గారు. కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లె ఆయన ఊరు. వాహినీ సంస్థకు ఇది మొదటి సినిమా. సంస్థకు అండగా నిలబడిన మూలా నారాయణస్వామి గారు, తర్వాత దర్శకుడైన కె.వి. రెడ్డి గారు ఇద్దరూ తాడిపత్రి వైపు వాళ్ళు. సినిమా అంటే కోస్తా వాళ్ళదే అనుకునే మన పిల్లలు ఈ పేర్లు గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజుల్లో మద్రాసులో మంచి తెలుగు సినిమా అంటే అందులో రాయలసీమ చెయ్యి ఉండేది.

వందేమాతరంలో నాగయ్య గారి వేషం పేరు రఘు. చదువుకున్న నిరుద్యోగి. పల్లెలో పనిలేక, ఇంట్లో అత్తాకోడళ్ళ పోరు పడలేక, పట్నానికి ఉద్యోగం వెతుక్కుంటూ పోతాడు. ఉద్యోగం దొరకదు కానీ లాటరీలో లక్షల రూపాయలు తగులుతాయి. ఆ డబ్బుతో తనలాంటి నిరుద్యోగులకు దారి చూపాలనుకుంటాడు. ఇంటికి తిరిగొచ్చి చూస్తే భార్య ఉండదు. 1939 నాటి కథ ఇది! డిగ్రీ చేతిలో పెట్టుకుని ఆఫీసు మెట్లు ఎక్కి దిగే కుర్రవాడు తెలుగు తెర మీదికి అప్పుడే వచ్చాడు. లాటరీ మాత్రం మాకు నచ్చలేదు. ఉద్యోగం ఇప్పించడం చేతగాక కథ రాసినవాళ్ళు లాటరీ తెచ్చారని మాలో కొందరి అభిప్రాయం. కానీ ఆనాటి యువకుల మీద ఆ సినిమా గట్టి ముద్రే వేసింది. నాగయ్య గారికి అప్పటికి ముప్పై అయిదేళ్ళు. ఈ కాలంలో హీరోగా మొదలుపెట్టడానికి ఆలస్యం అంటారు. ఆ సినిమాకు సంగీతం కూడా ఆయనే చేశారు.

1940లో సుమంగళి. వితంతు వివాహం గురించి తీసిన సినిమా. అందులో వీరేశలింగం పంతులు గారిని గుర్తుకు తెచ్చే ముసలి సంస్కర్త వేషం ఆయనది. హీరోగా పేరు వచ్చిన మరుసటి ఏడే తెల్ల జుట్టు పెట్టుకుని ముసలివాడిగా నటించడానికి ఎవరు ఒప్పుకుంటారు? ఆయన ఒప్పుకున్నారు.

1941లో దేవత. మేము చదివిన వాటిలో అన్నిటికంటే మమ్మల్ని కదిలించిన కథ ఇదే. నాగయ్య గారిది ఇంగ్లండులో చదివి వచ్చిన బారిస్టరు వేషం. ఇంట్లో పనిచేసే లక్ష్మి అనే పిల్లను మాటలతో లొంగదీసుకుంటాడు. ఆమె గర్భవతి అవుతుంది. ఇల్లు వదిలి పోవలసి వస్తుంది. ఎన్నో కష్టాలు పడిన తర్వాత గానీ అతనికి బుద్ధి రాదు. లక్ష్మిగా కుమారి గారు నటించారు. ఈ కథలో తప్పు చేసినవాడు రౌడీ కాదు, తాగుబోతు కాదు. మంచివాడు, చదువుకున్నవాడు, ఇంటిల్లిపాదికీ ఇష్టమైనవాడు. అదే ఆ సినిమాలో ధైర్యం. మాలో ఎంతోమంది తల్లులు ఇతరుల ఇళ్ళలో అంట్లు తోమి, టమోటా తోటల్లో కూలికి పోయి మమ్మల్ని చదివించారు. పనిమనిషి పేరు మీద, ఆమె గౌరవం మీద ఎనభై ఏళ్ళ కిందట సినిమా తీశారంటే, అందులో చెడ్డపేరు వచ్చే వేషం నాగయ్య గారు వేశారంటే మాకు ఆయన మీద గౌరవం పెరిగింది. పోతన వేషం చూసి కలిగే భక్తి వేరు, ఇది వేరు.

ఆ పోతన 1943 మొదట్లో వచ్చాడు. భక్త పోతన. కె.వి. రెడ్డి గారికి దర్శకుడిగా మొదటి సినిమా. పోతన బమ్మెరవాడా, ఒంటిమిట్టవాడా అన్న తగాదాలోకి మేము పోము (మన వైపు వాళ్ళు ఏమంటారో చెప్పనక్కరలేదు). నాగలి పట్టిన రైతు, కవి, రాజుకు పుస్తకం అంకితమివ్వను పొమ్మన్న మొండివాడు. నాగయ్య గారు ఆ వేషంలో కరిగిపోయారు. తెలుగు రాని మైసూరు, తమిళ ప్రాంతాల్లో కూడా సినిమా ఆడింది. అప్పటి నుంచి వీధిలో కనిపిస్తే జనం కాళ్ళకు మొక్కడం మొదలుపెట్టారు. బొంబాయి సినిమా పత్రికల వాళ్ళు ఆయన్ని భారతదేశపు పాల్ ముని అన్నారు. పాల్ ముని అంటే హాలీవుడ్ నటుడు. పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టిన లూయీ పాశ్చర్‌గా, ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలాగా నటించి మెప్పించినవాడు.

1945లో స్వర్గసీమ వచ్చింది. ఇందులో ఆయనది పత్రిక నడిపే మూర్తి వేషం. భార్యాబిడ్డల్ని వదిలి, భానుమతి గారు వేసిన నాటకాల పిల్ల మోజులో పడి పోతాడు. ఒకప్పటి విలేకరికి పత్రికాఫీసు వాతావరణం ఎవరూ నేర్పనక్కరలేదు కదా. అదే ఏడు తమిళంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి మీరాలో రాణాగా నటించారు. దాని దర్శకుడు ఎల్లిస్ డంగన్ అనే అమెరికా దేశస్థుడు.

ఇక త్యాగయ్య. 1946. రేణుకా ఫిలిమ్స్ పేరుతో సొంత సంస్థ పెట్టారు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, సంగీతం ఆయనే, త్యాగయ్య వేషం ఆయనే. ఇన్ని పనులు ఒక్కడే చేయడం ఈ రోజుల్లో గొప్పగా చెప్పుకుంటారు. గుమాస్తాగా, విలేకరిగా, రికార్డుల గాయకుడిగా, చిత్రాంగిగా అన్ని పనులూ చేసి వచ్చినవాడు కాబట్టి ఆయనకు అది సాధ్యమైందని మా నమ్మకం. త్యాగయ్య పెద్ద విజయం. తెలుగువాళ్ళు, తమిళులు అని తేడా లేకుండా చూశారు. మద్రాసులో ఆయన ఇంటి పొయ్యి ఆరేది కాదంటారు. ఊరి నుంచి వచ్చినవాడు, వేషం కోసం వచ్చినవాడు, బిడ్డ పెళ్ళికని వచ్చినవాడు, ఎవరొచ్చినా భోజనం, వెళ్ళేటప్పుడు చేతిలో డబ్బు. అప్పుడే మద్రాసు చేరిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారికి త్యాగయ్యలో చిన్న వేషం దొరికింది. యోగి వేమనలో కూడా.

యోగి వేమన 1947 ఏప్రిల్లో వచ్చింది. మళ్ళీ కె.వి. రెడ్డి గారే. మదనపల్లె నుంచి కదిరి బస్సెక్కితే అక్కడికి దగ్గరలోనే కటారుపల్లి ఉంది. వేమన సమాధి ఉన్న ఊరు. కాబట్టి ఇది మన పక్క ఊరి మనిషి కథ. సినిమాలో వేమన మొదట విలాసపురుషుడు, మోహనాంగి అనే వేశ్య మోజులో అన్నగారి ఇంటికి అప్రతిష్ఠ తెస్తాడు. ప్రాణంగా చూసుకున్న చిన్న పిల్ల జ్యోతి చనిపోయినప్పుడు శ్మశానంలో అతని మనసు విరిగిపోతుంది. ఆ ఘట్టంలో నాగయ్య గారు ఏడుస్తున్నట్టు ఉండదు. మాట పోయిన మనిషిలాగా ఉంటారు. ఇంట్లో చావు చూసినవాళ్ళకు అది అర్థమవుతుంది. పేరుకు గొప్ప సినిమానే కానీ పోతనంత డబ్బు తేలేదు. అంటరానితనాన్ని నిలదీసిన వేమన మనకు కావలసినవాడు కాబట్టి ఆ భాగం ఇంకొంచెం ఉండాల్సిందని మేము అనుకున్నాము. సినిమా యోగి వైపే ఎక్కువ మొగ్గింది.

ఇక్కడి నుంచి మెట్లు దిగడం మొదలు. పెద్దవాళ్ళు చెప్పే కారణం దానధర్మాలు. అది అబద్ధం కాదు. కానీ లెక్క చూస్తే ఇంకో రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది పాట. టాకీలు వచ్చిన కొత్తలో నటుడే పాడాలి. కెమెరా తిరుగుతుంటే, వాయిద్యాల వాళ్ళు తెరకు కనిపించకుండా చాటున కూర్చుని వాయిస్తుంటే, అక్కడికక్కడే నటిస్తూ పాడాలి. గొంతు లేనివాడికి వేషం కష్టం. నాగయ్య గారు రాణించిన కాలం అది. తర్వాత నేపథ్యగానం వచ్చింది. ఒకరు నటిస్తారు, ఇంకొకరు ముందే పాడి పెడతారు. అప్పుడు అందగాళ్ళైన కొత్త కుర్రవాళ్ళకు గొంతు అవసరం తప్పింది. రామారావు గారు, నాగేశ్వరరావు గారు వచ్చారు. వాళ్ళకు పాడింది ఎవరు? నాగయ్య గారి సినిమాల్లో చిన్న వేషాలు వేసిన ఘంటసాల గారు. తన దగ్గర నిలబడినవాడు ఎదిగే కొద్దీ తనలాంటి గాయక నటుల అవసరం తగ్గిపోయింది. దీనికి ఎవరినీ తప్పు పట్టలేము. పని పద్ధతి మారింది, అంతే. కొత్త యంత్రం వచ్చినప్పుడు మగ్గం మీద పనిచేసేవాళ్ళకు ఏమయిందో మన పల్లెల్లో చూశాము.

రెండోది సొంత సినిమాలు. 1953లో తెలుగులో నా ఇల్లు, తమిళంలో ఎన్ వీడు అని ఒకేసారి రెండు భాషల్లో తీశారు. డబ్బు పోయింది. ఆ దెబ్బ తగిలిన తర్వాత కూడా ఊరుకోలేదు. రామదాసు తీయాలని పట్టుబట్టారు. డబ్బు దొరికినప్పుడు తీయడం, అయిపోయినప్పుడు ఆపడం. అది పూర్తయి విడుదలయ్యేసరికి 1964 అయింది. రామదాసు వేషానికి ఆయనకు అరవై ఏళ్ళు. గుమ్మడి గారు కబీరు వేషం వేశారు, ఆ పాటలకు హిందీ గాయకుడు మహమ్మద్ రఫీని పిలిపించి పాడించారు. చేతిలో డబ్బు లేనివాడు చేసే పనులేనా ఇవి? కావు. కానీ చేశారు.

కాబట్టి ఆయన్ని బతకడం తెలియనివాడని జాలిపడటం మాకు సరిగా తోచలేదు. ఆయన సంపాదించాడు, పెట్టుబడి పెట్టాడు, పోగొట్టుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. వ్యాపారం చేసి నష్టపోయిన షావుకారును ఎవరూ దేవుడని అనరు, అమాయకుడని కూడా అనరు. సాధు వేషాలు వేసినందుకు మనిషిని కూడా సాధువును చేసి, ఆయన తెగింపును మన వాళ్ళు దానం కింద రాసేశారు. ఇది మా అభిప్రాయం. పెద్దలు ఒప్పుకోకపోవచ్చు.

అవసరం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. ఒకప్పుడు తన పేరు మీద సినిమా నడిచిన మనిషి తండ్రి, తాత, ఋషి వేషాలకు వచ్చారు. 1957లో పాండురంగ మహాత్మ్యంలో కొడుకు చేత ఇంటి నుంచి గెంటించుకున్న తండ్రిగా నటించారు. కొడుకు వేషం రామారావు గారిది. 1963లో లవకుశలో వాల్మీకి. ఇప్పటికీ టీవీలో లవకుశ వస్తే మన అవ్వలు ఆయన్ని చూసే వాల్మీకి ఇట్లా ఉండేవాడు అనుకుంటారు. తెలుగు, తమిళం, కన్నడం అన్నీ కలిపి రెండు వందలకు పైగా సినిమాలు. చివరి రోజుల్లో ఒకటి రెండు ఘట్టాల కోసం కూడా మేకప్ వేసుకుని కూర్చున్నారు. ఎక్కడా ఆ వేషం చిన్నదని చిన్నచూపుతో చేసినట్టు కనిపించదు. 1965లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. దక్షిణాది సినిమా నటుల్లో ఆ గౌరవం ముందుగా అందుకున్నవారిలో ఆయన ఒకరు. దానితో అప్పులు తీరవు కదా.

1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. వయసు అరవై తొమ్మిది.

మద్రాసు త్యాగరాయనగరులో పానగల్ పార్కు ఉంది. అందులో నాగయ్య గారి విగ్రహం ఉంది. ఆ పార్కు ఎవరి పేరు మీద ఉందో చూడండి. పానగల్ రాజా, పానగంటి రామరాయనింగారు. ఆయన పుట్టింది కాళహస్తిలో. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ వాటా ఉండాలని 1921లో జీవో తెచ్చిన ప్రభుత్వం ఆయనదే. మన చదువులకు, ఉద్యోగాలకు ఉన్న రిజర్వేషన్ల మొదటి మెట్లలో అదొకటి. కాళహస్తి మనిషి పేరున్న పార్కులో చిత్తూరు మనిషి విగ్రహం. చీరలు కొనడానికి మన వైపు నుంచి రోజూ ఎంతమందో ఆ పార్కు పక్కనుంచే పోతుంటారు.

చిత్తూరులో ఆయన పేరు మీద నాగయ్య కళాక్షేత్రం ఉంది. సినిమాలు చూడాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఇప్పుడు పాత సినిమాలు చాలావరకు ఫోనులోనే దొరుకుతున్నాయి. అందరూ చెప్పినట్టు పోతనతో మొదలుపెట్టకండి. ముందు దేవత చూడండి. ఆ బారిస్టరు మీద కోపం తెచ్చుకోండి. తర్వాత యోగి వేమన చూడండి. ఇద్దరూ ఒకే మనిషి అని నమ్మడానికి కొంచెం సేపు పడుతుంది.